రాజుగారికి దొరకని భోజనవేళ

ఇప్పటి పటాల్లో వెతికితే కనబడదు గాని, ఒకప్పుడు పెన్నకు దక్షిణపు ఒడ్డున హేమగిరి అని ఒక రాజ్యం ఉండేది. చిన్న రాజ్యం. కోట బురుజెక్కి చూస్తే నాలుగు ఎల్లలూ కనబడేవి. కాని అది చిన్నదని దాన్ని ఏలే విజయధ్వజ భూపాలుడికి ఎవరూ చెప్పలేదు. చెప్పగల గుండె ఉన్నవాడు ఆ కొలువులో ఒక్కడే. వాడి పేరు ఓబన్న.

ఓబన్న మంత్రి కాడు, కవి కాడు, సేనాపతి అసలే కాడు. రాజుగారికి అడపం పట్టేవాడు. అంటే తమలపాకులూ వక్కలూ ఉన్న వెండి పెట్టె పట్టుకుని సింహాసనం పక్కన నిలబడి, వేళకు చిలకలు చుట్టి అందించడం వాడి పని. నోట్లో తాంబూలం ఉన్నంతసేపూ రాజుగారు మాట్లాడలేరు. అందుకని కొలువులో ఎవరి మీదైనా ప్రభువుల కోపం విరుచుకుపడబోతుంటే ఓబన్న చటుక్కున ఒక చిలక అందించేవాడు. నమిలి మింగేలోపు కోపం సగం దిగిపోయేది. అలా చాలామంది ఉద్యోగాలు తమలపాకు చాటున నిలబడ్డాయి.

విజయధ్వజుడు చెడ్డవాడేమీ కాదు. తిండిపుష్టి గలవాడు, పొగడ్త పుష్టి అంతకన్నా గలవాడు. ఆయన పట్టాభిషేకం వినాయక చవితి నాడు జరిగింది. అప్పటి నుంచీ ఏటా చవితికి కోటలో పనిచేసే వాళ్ళందరికీ పెద్ద విందు ఇచ్చేవాడు. గుర్రపుశాల వాళ్ళు, టంకశాల వాళ్ళు, ఫిరంగులు పోతపోసే వాళ్ళు, వంటవాళ్ళు, చాకలి, మంగలి, అందరూ రావాలి. అందరూ పసుపుపచ్చ తలపాగా చుట్టాలి. అందరూ హారతి కళ్ళకద్దుకోవాలి. పూజ వినాయకుడికే గాని, పళ్ళెం మాత్రం ముందు రాజుగారి చుట్టూ తిరిగి ఆ తరువాత దేవుడి దగ్గరికి వెళ్ళేది. చివర రాజుగారే వరస వెంట నడిచి, ఒక్కొక్కరి విస్తట్లో తన చేత్తో ఒక నేతిబూరె వేసేవాడు.

"చూశారా, మా దృష్టిలో అందరూ ఒకటే," అని ప్రతి విస్తరి దగ్గరా అనేవాడు. అనేటప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి. తన ఔదార్యం తలుచుకుంటే ఆయనకు ఎప్పుడూ అంతే.

ఆ ఏడు చవితి రంజాన్ నెలలో వచ్చింది.

గుర్రపుశాల పెద్ద మస్తాన్ సాహెబు. నెరిసిన గడ్డం, మెత్తటి మాట. కొరికే గుర్రం కూడా ఆయన చెయ్యి తగిలితే తల వంచేది. రాజుగారి విందులో ఆయన మర్యాదగా తన విస్తరి ముందు కూర్చున్నాడు, తలపాగా చుట్టుకున్నాడు, బూరె విస్తట్లో పడగానే కళ్ళకద్దుకుని పైగుడ్డ కొంగులో మూట కట్టుకున్నాడు.

రాజు రెండడుగులు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"సాహెబూ, బూరె తినలేదేం?"

"రోజాలో ఉన్నాను హుజూర్. పొద్దు గూకాక తింటాను."

"మేం స్వయంగా వేసిన బూరె."

"అందుకే జాగ్రత్తగా కట్టుకున్నాను."

ఈ జవాబులో తప్పు వెతుకుదామని రాజు పక్క విస్తరి వైపు చూశాడు. అక్కడ రత్నాల నాణ్యం చూసే జినదత్తుడు కూర్చుని ఉన్నాడు. జైనుడు. అన్నీ తిన్నాడు గాని కందవేపుడు మాత్రం ముట్టుకోలేదు. నేలలో ఊరే దుంప వాళ్ళు తినరు. కందవేపుడంటే రాజుగారికి ప్రాణం. అవతల విస్తట్లో ఫిరంగులు పోసే కిరస్తానీ జకరయ్య కందతో సహా అంతా ఊడ్చేశాడు గాని, హారతి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని తల వంచుకున్నాడే తప్ప కళ్ళకద్దుకోలేదట. ఆ సంగతి మహామంత్రి త్రివిక్రమశాస్త్రి వెనక నుంచి రాజుగారి చెవిలో వేశాడు.

రాజు ముఖం కందగడ్డలా అయింది. ఓబన్న చిలక అందించబోయాడు. రాజు చెయ్యి తోసేశాడు.

"మేం అందరినీ ఒకటిగా చూస్తుంటే, వీళ్ళు మమ్మల్ని వేరుగా చూస్తున్నారు. మా పండుగ జరుపుకోనివాడికి మా కొలువులో పని లేదు. ఈ ముగ్గురూ ఎల్లుండి పొద్దుటికల్లా కోట దాటాలి."

విందు సందడి చప్పున ఆగిపోయింది. మస్తాన్ సాహెబు కొంగుకు కట్టిన బూరె వైపు ఒకసారి చూసుకున్నాడు.  జకరయ్య భార్య నెలలు నిండి ఉంది. ఇప్పుడు బండి కట్టుకుని ఎక్కడికి పోతాడు?

"దివ్యమైన ఆజ్ఞ," అన్నాడు త్రివిక్రమశాస్త్రి. ఆయన ఏ ఆజ్ఞనైనా అదే మాటతో మెచ్చుకునేవాడు.

ఓబన్న గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఆజ్ఞ బాగుంది గాని కాస్త చిన్నదైపోయింది."

"చిన్నదా?"

"ముగ్గురిని పంపేయడం ఏ పాటి రాజైనా చేస్తాడు. తమ ఆశయం అది కాదు కదా. కొలువంతా ఒకటి కావాలని తమ ఆశయం. ఆ మాటే చాటింపు వేయిస్తే? 'ఈ కొలువులో ఒకరి పండుగ అందరి పండుగ, ఒకరి నియమం అందరి నియమం, రేపటి నుంచి ఎవరు తప్పినా కొలువు విడిచి పోవలసిందే' అని. అప్పుడు వీళ్ళు ముగ్గురూ ఎలా లొంగరో చూద్దాం."

రాజు ఆ మాటల్ని నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుసార్లు అనుకున్నాడు. గంభీరంగా ఉన్నాయి. పొరుగు రాజులెవరికీ తట్టనంత గంభీరంగా ఉన్నాయి. కొలువంతా ఒకటి అన్నప్పుడు ఆ ఒకటి తానే అని ఆయనకు వేరే చెప్పనక్కరలేదు.

"పెద్దా చిన్నా అనే భేదం లేకుండా," అని చేర్చాడు రాజు. "అది కూడా చాటమను. రాజు మాటకు తిరుగు లేదని కూడా చాటమను."

"ప్రభువుల నోటి నుంచి రావలసిన మాటే అది," అన్నాడు ఓబన్న తల వంచి.

సాయంత్రానికి ఊరంతా దండోరా మోగింది.

మర్నాడు పొద్దున్న రాజుగారు స్నానం చేసి ఫలహారానికి కూర్చున్నారు. ఇడ్డెనలు, అల్లప్పచ్చడి, మీగడపెరుగు, నిన్నటి బూరెల్లో మిగిలినవి. ముద్ద ఎత్తబోతుండగా ఓబన్న వచ్చి పళ్ళెం అవతలికి జరిపాడు.

"ఏమిట్రా ఇది?"

"రంజాన్ ప్రభూ. గుర్రపుశాల వాళ్ళ నియమం. పొద్దు గూకే వరకూ పచ్చి మంచినీళ్ళయినా ముట్టకూడదు."

"అది వాళ్ళకు."

"ఒకరి నియమం అందరి నియమం అన్నారు కదండీ."

రాజు నవ్వబోయాడు. ఓబన్న నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగింది.

"ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి నేను. నాకది వర్తించదు."

"కొలువులో ఉన్నవాళ్ళందరికీ, పెద్దా చిన్నా భేదం లేకుండా అని చాటింపు. ప్రభువులు కొలువులో లేరంటారా? లేరంటే చెప్పండి, సింహాసనం ఖాళీగా ఉందని చాటించి వస్తాను."

"నోరు ముయ్యి."

"మూస్తాను. కాని కోటవాకిలి దగ్గర ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. సత్యసంధుడైన మా రాజు సాహెబులతో పాటు ఉపవాసం ఉన్నాడట అని ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మరీ వచ్చారు. వాళ్ళతో ఏమని చెప్పమంటారు?"

రాజు కిటికీ లోంచి తొంగిచూశాడు. నిజమే, జనం. వాళ్ళు ఆయన్ని చూసి దండాలు పెట్టారు. ఎవరో కాయ కొట్టారు. పొగడ్త కిటికీ లోంచి లోపలికి వచ్చేసరికి ఆకలి కాసేపు వెనక్కి తగ్గింది.

"ఒక్క రోజేగా," అన్నాడు రాజు. "చేసి చూపిస్తాం. శాస్త్రిగారూ, మీరూ ఉండాలి."

"దివ్యం," అన్నాడు త్రివిక్రమశాస్త్రి. కాని ఈసారి ఆ మాటలో మునుపటి ఊపు లేదు. అప్పటికింకా ఆయన ఫలహారం కాలేదు.

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి కొలువు చూడవలసిందిగా ఉంది. భాద్రపదపు ఉక్క. రాజుగారి పెదవులు అతుక్కుపోతున్నాయి. ఎల్లల తగవు తీర్చమని ఇద్దరు రైతులు వస్తే, వాళ్ళ మాటల్లో ఏదీ ఆయన చెవికెక్కలేదు. ఒకడు తన చేలో చెరుకు వేశానన్నప్పుడు మాత్రం చప్పున తలెత్తి, ఏ రకం చెరుకని అడిగాడు. మహామంత్రి అరగంటకోసారి ఉత్తరీయంలో ముఖం దాచుకుని దగ్గుతున్నాడు. ఎంత దగ్గినా తగ్గని ఆ దగ్గు సంగతి చీమలు కనిపెట్టాయి. స్తంభం దిగి, తివాచీ దాటి, బారుగా ఆయన ఉత్తరీయంలోకి ఎక్కుతున్నాయి. రాజు ఆ చీమల బారు వెంబడి చూపు పోనిచ్చి, ఉత్తరీయం చెంగు లాగాడు. బెల్లంముక్క జారి కిందపడింది.

"ఔషధం ప్రభూ," అన్నాడు మంత్రి.

రాజు ఆ ముక్క వైపు చూసిన చూపులో కోపం కన్నా ఆశ ఎక్కువ ఉంది. ఓబన్న వంగి దాన్ని తీసి బయట పారేసి వచ్చాడు.

ఎండ వాలాక కొలువు చాలించారు. ఓబన్న గుర్రపుశాల వైపు వెళ్ళాడు, తన ఎత్తు పారుతున్నదని చెప్పి సాహెబు మనసు తేలిక చేద్దామని. మస్తాన్ సాహెబు ఒక గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట శుభ్రం చేస్తున్నాడు. తలెత్తలేదు.

"అన్నా, రాజు గిలగిల్లాడుతున్నాడు. రాత్రికల్లా చాటింపు వెనక్కి తీసుకుంటాడు."

"విన్నాను. పొద్దుటి నుంచీ ఊరంతా నవ్వుతూనే ఉంది."

"నీకు నవ్వు రాలేదా?"

మస్తాన్ గిట్ట వదిలి, గుర్రాన్ని తట్టి, అప్పుడు ఓబన్న ముఖంలోకి చూశాడు. "ఓబన్నా, నిన్న ఆయన తన పండుగను నా నోట్లో కుక్కబోయాడు. ఇవాళ నువ్వు నా ఉపవాసాన్ని ఆయన నోట్లో కుక్కావు. నా రోజా నాకూ అల్లాకూ మధ్య సంగతి. దాన్ని కొరడా చేసి ఇంకొకణ్ణి కొట్టమని నేనడిగానా?"

 కొలువులో ఎవరికైనా జవాబు చెప్పగల ఓబన్న గుర్రపుగడ్డి మధ్య నిలబడి నేల చూశాడు.

"రేపు నిన్ను గెంటేసేవాడు అన్నా," అన్నాడు చివరికి. "నాకు తెలిసిన విద్య ఇదొక్కటే."

"తెలుసు. అందుకే నీ మీద కోపం రావడం లేదు. బాధగా ఉందంతే." మస్తాన్ లేచి చేతులు దులుపుకున్నాడు. "పొద్దు వాలుతోంది. ఆయన మంచినీళ్ళయినా తాగలేదటగా. వెళ్ళు. పెద్దప్రాణం, సొమ్మసిల్లగలడు."

ఓబన్న కోటలోకి తిరిగి వచ్చేసరికి రాజుగారు భోజనశాలలో పీట మీద కూర్చుని ఉన్నారు. సూర్యుడు అస్తమించిన మరుక్షణం వడ్డించాలని వంటవాళ్ళకు ఆజ్ఞ అయింది. పులిహోర, కందవేపుడు, గుమ్మడికాయ దప్పళం, కొత్తగా వేయించిన బూరెలు. ఆ వాసనకు రాజుగారి ముఖం వికసించింది.

ఓబన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పటికిక చాలని వాడికి లోపల అనిపిస్తూనే ఉంది. కాని చాటింపు ఇంకా నిలిచే ఉంది, ముగ్గురి మూటలూ ఇంకా కట్టే ఉన్నాయి.

"ప్రభూ, ఒక చిక్కు వచ్చింది. పొద్దు గూకాక తినడానికి వీల్లేదు."

"పొద్దు గూకాకే కదరా తినాలన్నావు?"

"అది సాహెబు నియమం. జినదత్తుడి నియమం వేరు. వాళ్ళ పర్వం ఇవాళే మొదలైంది. సూర్యుడు ఉండగానే తినాలి, అస్తమించాక మెతుకు ముట్టకూడదు. "

రాజు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "సూర్యుడు ఉండగా తింటే?"

"సాహెబు నియమం తప్పుతుంది."

"సూర్యుడు పోయాక తింటే?"

"జినదత్తుడి నియమం తప్పుతుంది."

"సాహెబులు తెల్లవారకముందు లేచి తింటారట. రేపు నన్నూ లేపు."

"తెల్లవారకముందంటే సూర్యుడు రాలేదు కదా ప్రభూ. జినదత్తుడు ఒప్పుకోడు."

"మరి నేనెప్పుడు తినాలి?"

"పొద్దుటి నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నాను. సూర్యుడైతే ఉంటాడు, లేకపోతే పోతాడు. ఈ రెండింటి మధ్యా విస్తరి వేసే చోటు నాకు కనబడలేదు. పోతే, ఆదివారం నాడు జకరయ్య నియమం. ఆ రోజు ఏ పనీ చేయకూడదు."

"అదొక్కటీ బాగానే ఉంది," అన్నాడు రాజు.

అది ప్రభువులు ఏనాటి నుంచో పాటిస్తున్నదేనని ఓబన్న అనుకున్నాడు గాని పైకి అనలేదు.

రాజు మంత్రి వైపు తిరిగాడు. "శాస్త్రిగారూ, ఇన్ని శాస్త్రాలు చదివారు. పగలు కాకుండా రాత్రి కాకుండా నాకొక వేళ కనిపెట్టండి."

త్రివిక్రమశాస్త్రి కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక ఆ కళ్ళల్లో వెలుగుంది, ఎందుకంటే రాజు తింటేనే ఆయనా తినగలడు. "ఉంది ప్రభూ. సంధికాలం. సూర్యబింబం సగం మునిగి సగం మిగిలిన క్షణం. అది పగలూ కాదు, రాత్రీ కాదు. ఆ క్షణంలో భుజిస్తే ఎవరి నియమమూ తప్పదు."

"ఆ క్షణంలో ఎన్ని బూరెలు తినొచ్చు?"

"సాధన మీద ఆధారపడి ఉంటుంది ప్రభూ."

హేమగిరి రాజు ఆ సాయంత్రం బూరెల పళ్ళెం పట్టుకుని కోట పడమటి బురుజు ఎక్కాడు. వెనక మంత్రి, మంత్రి వెనక మంచినీళ్ళ చెంబుతో వంటవాడు, అందరి వెనక అడపంతో ఓబన్న. వాకిట్లోని జనం తలలెత్తి చూశారు. రాజుగారు సంధ్య వార్చడానికి వెళ్తున్నారనుకుని కొందరు చేతులు జోడించారు.

సూర్యుడు కొండ మీదికి దిగాడు. రాజు ఒక బూరె చేతిలోకి తీసుకుని నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. మంత్రి చెయ్యి పైకెత్తాడు. "ఇంకా లేదు ప్రభూ. పావు వంతే మునిగింది. కొంచెం ఆగండి. సిద్ధంగా ఉండండి."

రాజు నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

అప్పుడు కొండ వెనక నుంచి ఒక నల్లమబ్బు లేచి సూర్యుణ్ణి మొత్తంగా కప్పేసింది.

"ఇప్పుడు సగమా?" అన్నాడు రాజు నోరు తెరిచే.

"మబ్బు తీశాక చెబుతాను."

"మబ్బు తీసేలోపు మునిగిపోతే?"

 నాలుగు చినుకులు పడ్డాయి. ఒకటి బూరె మీద పడింది. దిగువన మసీదు నుంచి పిలుపు వినిపించింది. సూర్యుడు అస్తమించాడు.

రాజు మెల్లిగా నోరు మూసుకున్నాడు. పళ్ళెం పిట్టగోడ మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి ఒక్కసారిగా చిన్నగా కనబడ్డాడు. చూసి నవ్వుకోవాలని ఓబన్న పొద్దుటి నుంచీ ఎదురుచూసింది దీనికోసమే. తీరా వచ్చాక నవ్వు రాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మస్తాన్ సాహెబు పైకి వచ్చాడు. ఒక చేతిలో మట్టిముంత, ఇంకో చేతిలో కాసిని ఖర్జూరాలు. ఆయన కూడా ఇంకా నోట ఏమీ వేసుకోలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రాజు ముందు మోకాలి మీద కూర్చుని ఒక ఖర్జూరం చాచాడు.

"తీసుకోండి హుజూర్."

"వీల్లేదు సాహెబూ. జినదత్తుడి నియమం అడ్డొస్తోంది." రాజు గొంతులో నీరసం, బింకం రెండూ ఉన్నాయి. "నీ నియమం మాత్రం నేను తప్పలేదు. పొద్దుటి నుంచీ ఉపవాసం ఉన్నాను."

"లేరు హుజూర్."

రాజు తలెత్తాడు. "గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు."

"తాగలేదు. కాని రోజాకు మనసులో నీయత్ ఉండాలి. నేను దేవుడి కోసం ఉంటున్నాను అని లోపల అనుకోవాలి. అది లేకుండా కడుపు మాడ్చుకుంటే రోజా కాదు, ఉత్త ఆకలి. తమరు పొద్దుటి నుంచీ ఆకలితో ఉన్నారు, అంతే. ఆకలితో ఉన్నవాడికి తిండి పెట్టమని మా దీన్, అంటే మా ధర్మం, చెబుతుంది. జినదత్తుడిని మెట్ల కింద అడిగే వచ్చాను. వాళ్ళ ధర్మమూ అంతేనట, బలవంతపు వ్రతం వ్రతం కాదట. తినండి."

రాజు ఆ ఖర్జూరం కోసం చెయ్యి చాచబోయి ఆపాడు.

"నువ్వు ఇంకా తినలేదు కదా."

"తమరు తింటే నేనూ తింటాను."

అప్పుడు ఓబన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఎత్తు వాడిదే గాని, ఆ మాట మాత్రం వాడికి అప్పటికప్పుడు సాహెబు మాటలోంచే పుట్టింది.

"ప్రభూ, నీయత్ లేని రోజా ఉత్త ఆకలి. అలాగే మనసు లేకుండా బూరె మింగితే అది పండుగ కాదు, ఉత్త నమలడం. నిన్న విందులో అందరూ పండుగ చేసుకున్నారని తమరు అనుకున్నారు. చాలామంది నమిలారు. ఈ ముగ్గురూ నమలకుండా నిజం చెప్పారు. వాళ్ళనే పంపేస్తున్నారు."

బురుజు మీద గాలి వీచింది. మహామంత్రి 'దివ్యం' అనబోయి, ఎవరి వైపు అనాలో తెలియక ఊరుకున్నాడు.

"అంటే," అన్నాడు రాజు నెమ్మదిగా, "ఇదంతా నువ్వు పన్నిన పన్నాగం."

"మాటలు నావి ప్రభూ. పెద్దా చిన్నా భేదం లేకుండా అన్నది మాత్రం తమరు చేర్చిందే."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. ఓబన్న చెయ్యి అలవాటు కొద్దీ అడపం మీదికి పోయింది. కాని ఆ ముడి అంతలోనే విడిపోయింది. రాజుగారి పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, నవ్వు బయటికి వచ్చింది. ఆకలి మీద వచ్చిన నవ్వు కాబట్టి మధ్యలో దగ్గు కూడా వచ్చింది. ఆయన ఖర్జూరం తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ముంత ఎత్తి నీళ్ళు తాగి, ఆ ముంతను తన చేత్తోనే మస్తాన్ సాహెబుకు అందించాడు.

"నోరు తెరుచుకుని మబ్బు వంక చూశాను కదరా," అని నవ్వుతూనే అన్నాడు. "ఊరంతా చూసింది కదరా."

"సంధ్య వారుస్తున్నారనుకున్నారు ప్రభూ."

"అలాగే అనుకోనీ." రాజు మెడలోని ముత్యాలపేట తీసి వేలాడదీశాడు. "ఇది కావాలా, ఇంకేమైనా కావాలా? కోరుకో."

"అన్నం ప్రభూ. నేనూ పొద్దుటి నుంచీ కొలువులోనే ఉన్నాను."

రాజు మళ్ళీ నవ్వాడు. ఆ రాత్రి భోజనశాలలో రాజు, మస్తాన్ సాహెబు, ఓబన్న, ఫిరంగుల జకరయ్య ఒకే వరసలో కూర్చుని తిన్నారు. జినదత్తుడు తినకుండా వాళ్ళ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. ఒక్క మెతుకైనా తినమని ఆయన్ని ఎవరూ బతిమాలలేదు. మహామంత్రి తినేటప్పుడు ఒక్క మాటా మాట్లాడలేదు.

మర్నాడు దండోరా మళ్ళీ మోగింది. కొలువులో ఎవరి పండుగ వాళ్ళు చేసుకోవచ్చు. పిలిస్తే ఇష్టమైనవాళ్ళు వెళ్ళొచ్చు, రానివాళ్ళను ఎందుకు రాలేదని అడగకూడదు. చవితి నాడు గుర్రపుశాల వాళ్ళు కోటకు కాపలా ఉంటామన్నారు. రంజాన్ పండుగ నాడు గుర్రాలకు గడ్డి వేస్తామని వంటవాళ్ళు ఒప్పుకున్నారు. ఆదివారం పూట పోత కొలిమి చల్లగానే ఉంటుంది. విందులో కంద లేని వరస ఒకటి వచ్చింది, పొద్దు గూకాక వేడి చేసి పంపే పళ్ళేలు కొన్ని వచ్చాయి. జకరయ్యకు ఆడపిల్ల పుట్టింది. హారతి పళ్ళెం మాత్రం ఆ తరువాత కూడా ముందు రాజుగారి చుట్టూనే తిరిగింది. అన్నీ ఒక్కరోజులో మారవు.

మరుసటి ఏడు పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చి, ఇన్ని మతాల వాళ్ళు ఇంత సఖ్యంగా ఎలా ఉన్నారని అడిగాడు. విజయధ్వజుడు మీసం సవరించుకున్నాడు.

"అది మా ఆలోచనే. ప్రజల మనసు తెలుసుకోవాలని మేమే స్వయంగా ఒక రోజంతా నిరాహారంగా గడిపాం. అప్పుడే మాకు అందరూ అర్థమయ్యారు."

రాయబారి ఆశ్చర్యపోయి ఓబన్న వైపు చూశాడు. ఓబన్న చిలక చుడుతూ, తలెత్తకుండానే అన్నాడు:

"నిజమేనండి. మా ప్రభువులకు ఎవరి కష్టమైనా ఇట్టే అర్థమవుతుంది. ఒక్క పూట అన్నం పెట్టకపోతే చాలు."

రాయబారి ఊపిరి బిగపట్టాడు. రాజు ఓబన్నను చురచురా చూశాడు. చూసి చూసి, సింహాసనం చెయ్యి మీద గుద్ది మరీ నవ్వాడు. నవ్వుతూనే భుజం మీది జరీ శాలువా తీసి వాడి మీద విసిరాడు.

"కప్పుకో, వెధవా. కప్పుకుని కాసేపు నోరు మూసుకో."

ఓబన్న శాలువా కప్పుకున్నాడు. నోరు మూసుకునే సంగతి మాత్రం ఆలోచించి చెబుతానన్నాడు.